మన నెత్తుటిలోని ఇనుము ఎక్కడిది?



ఈ వ్యాసం నిజానికి ఒక అవ్వకు నేను బాకీపడిన సమాధానం. దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్న రోజుల్లో ఒక ముసలమ్మ తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ అమ్మాయికి ఆరో నెల. కింది కనురెప్పను లాగి చూస్తే లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు. ఒంట్లో ఇనుము చాలడం లేదని చెప్పి, మాత్రలు రాసిచ్చాను.

అవ్వ కదలలేదు. "సారూ, మా చెల్కంత ఎర్రగుంటది. ఇనుము ఉండబట్టే గట్ల ఎర్రగున్నదని మా మన్మడు చెప్పిండు. గా మట్టిల పండిందే గద మేం తినేది. మరి మా పిల్ల నెత్తుర్ల ఇనుము ఎందుకు లేదు? అసలు గా ఇనుము ఎక్కడికెల్లి వస్తది?" అని అడిగింది.

బయట వరుసలో ఇంకా ఎనభై మంది ఉన్నారు. "అవన్నీ ఇప్పుడెందుకవ్వా, ముందు మాత్రలు మింగిపియ్యి" అని పంపించివేశాను.

ఆ అమ్మాయి వారం రోజులు మాత్రలు వేసుకుని మానేసింది. మలం నల్లగా వస్తున్నదని ఇంటిల్లిపాదీ భయపడ్డారు. ఇనుము మాత్రలు వేసుకున్నప్పుడు మలం నల్లబడటం సహజమని నేను చెప్పలేదు. ప్రసవ సమయానికి హిమోగ్లోబిన్ ఇంకా పడిపోయింది. కాన్పులో రక్తస్రావమైంది. బంధువులు రక్తమిచ్చారు గనుక తల్లీబిడ్డా దక్కారు. ఆ తప్పు మాత్రలది కాదు, అవ్వది అంతకంటే కాదు. అడిగిన మనిషికి జవాబు చెప్పని నాది.

ఇప్పుడు తొగుటలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఆ ఎర్ర చెల్కలను చూస్తే అవ్వ ప్రశ్నలే గుర్తుకు వస్తాయి. నిదానంగా జవాబు చెప్పడానికి ఇప్పుడు నాకు తీరిక ఉన్నది. వినడానికి అవ్వ లేదు. మీరు వినండి.

మన దేహంలో ఉన్నవేమిటి?

మనిషి బరువులో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్, 3 శాతం నైట్రోజన్. ఎముకలలోను, పళ్లలోను ఉన్న కాల్షియం దాదాపు ఒక కిలో. భాస్వరం సుమారు 700 గ్రాములు. ఇక ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు. అయోడిన్ అయితే పదిహేను, ఇరవై మిల్లీగ్రాములు మాత్రమే.

మన దేహం గొప్ప రసాయనశాల. అన్నాన్ని చక్కెరగా మారుస్తుంది, చక్కెరను కొవ్వుగా మారుస్తుంది, కొలెస్ట్రాల్‌ను తానే తయారు చేసుకుంటుంది. కాని ఒక్క ఇనుప పరమాణువును కూడా తయారు చేసుకోలేదు. దేహమే కాదు, మొక్క చేయలేదు, భూమి చేయలేదు. మూలకాలను పరమాణువు పరమాణువుగా వండిన వంటశాల వేరే ఉన్నది. ఆ సంగతి మానవజాతికి తెలియడంలో ఒక ముఖ్యమైన అడుగు మన తెలుగు నేల మీదనే పడింది.

గుంటూరులో ఒక ఉదయం

1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని రాశాడు. అంత దూరం వెళ్లి ఒక ముక్క తెచ్చి పరీక్షించడం ఎలాగూ సాధ్యం కాదు గనుక ఆయన మాట సబబుగానే తోచింది. పాతికేళ్లు గడవకముందే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ మాటను తిరగరాశారు. ప్రతి మూలకమూ మంటలో తనదైన రంగు గీతలను వెలువరిస్తుందని, వేలిముద్రల వలె ఒకదాని గీతలు మరొకదానికి ఉండవని వారు 1859, 1860 సంవత్సరాలలో నిరూపించారు. నక్షత్రం వద్దకు మనం పోనక్కరలేదు, దాని వెలుగే మన దగ్గరకు వస్తున్నది. ఆ వెలుగును గీతలుగా విడదీసి చదివే పరికరమే వర్ణపటదర్శిని.

పొయ్యి మీద అన్నం పొంగి మంటలో పడినప్పుడు మంట పసుపురంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. అది ఉప్పులోని సోడియం వెలుగు. నా తరం వైద్యులకు ఇది మరో విధంగా కూడా పరిచయం. ఆసుపత్రి ప్రయోగశాలలో ఫ్లేమ్ ఫోటోమీటర్ అనే యంత్రం ఉండేది. రోగి రక్తరసాన్ని పలుచన చేసి మంటలోకి చిమ్మితే, ఆ పసుపు వెలుగు తీవ్రతను బట్టి రక్తంలో సోడియం ఎంత ఉన్నదో చెప్పేది. వాంతులు, విరేచనాలతో వచ్చిన ఎందరి ప్రాణాలనో ఆ వెలుగు చూసి కాపాడుకున్నాం. సూర్యుని పదార్థాన్ని తెలుసుకున్న పద్ధతీ, రోగి రక్తాన్ని తెలుసుకున్న పద్ధతీ ఒకే తల్లి బిడ్డలు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఏడెన్ నుంచి సయాం దాకా సాగిన దాని నీడ మన దేశంలో గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. వర్ణపటదర్శిని చేతికి వచ్చిన తరువాత అంత దీర్ఘమైన గ్రహణం శాస్త్రజ్ఞులకు దొరకడం అదే మొదలు. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరుకు వచ్చి, అక్కడి ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట పరికరాలు అమర్చుకున్నాడు. ఇంగ్లండు తరఫున మేజర్ టెనంట్ కూడా గుంటూరులోనే మకాం వేశాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు.

చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన ఆ ఐదు నిమిషాల పైచిలుకు కాలంలో, అంచు వెంబడి ఎగసిన ఎర్రని జ్వాలలను వారు వర్ణపటదర్శినితో చూశారు. మిలమిలలాడే గీతలు కనిపించాయి. అవి హైడ్రోజన్‌వని పోల్చుకున్నారు. సూర్యజ్వాలలు మండుతున్న వాయువులని తేలిపోయింది. ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తట్టింది. మరునాడు గుంటూరులో మామూలు ఎండలోనే వాటిని చూశాడు. రెండు నెలల తరువాత అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా అదే పని చేశాడు. ఇద్దరి లేఖలూ ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు ఒకే రోజున అందాయి.

ఆ గీతలలో ఒకటి పసుపు గీత. మొదట అది సోడియందే అనుకున్నారు. సోడియం గీతల జంట 589 నానోమీటర్ల వద్ద ఉంటుంది. ఇది కొంచెం ఇవతల, 587.6 వద్ద ఉన్నది. ఆ స్వల్ప తేడా వెనుక ఒక కొత్త మూలకమే దాగి ఉన్నది. భూమి మీద తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వడం లేదని లాకియర్ గుర్తించాడు. గ్రీకు భాషలో సూర్యునికి హీలియోస్ అని పేరు గనుక దానికి హీలియం అనే పేరు స్థిరపడింది. ఆ మూలకం భూమి మీద కూడా ఉన్నదని 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టి చూపేదాకా చాలామంది నమ్మలేదు.

హీలియంను గుంటూరులో కనుగొన్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. కచ్చితంగా చెప్పాలంటే, ఆ గీత కొత్త మూలకానిదని తేల్చింది ఇంగ్లండులో. దానికి దారి తెరిచింది గుంటూరు, మచిలీపట్నాలలో. ఆ మేరకు గర్వించినా చాలు.

ఇక్కడ వైద్యునిగా ఒక మాట. గ్రహణం నాడు గర్భిణిని చీకటి గదిలో కదలకుండా కూర్చోబెట్టే ఆచారం మనలో ఇంకా ఉన్నది. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనం గ్రహణం మొర్రి అని పేరు పెట్టాం. ఆ చీలికకు గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. వంశపారంపర్యం, పొగాకు, కొన్ని మందులు, పోషకాహార లోపం వంటివి దానికి దోహదం చేస్తాయి. గర్భిణికి హాని చేసేది చంద్రుని నీడ కాదు, నెత్తురు లేని పాలిపోయిన మొహం. గ్రహణం చూసి భయపడేవాళ్లం, దానిని చూసి భయపడటం లేదు.

హీలియం నుంచి కార్బన్ దాకా

హీలియం దొరికింది సరే, సూర్యునిలో అది ఎలా వచ్చింది? నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకంగా మారుతాయని, సూర్యుని వెలుగుకు మూలం అదే కావచ్చునని 1920లో ఎడింగ్టన్ సూచించాడు. అదే ఏడు మన మేఘనాద్ సాహా, నక్షత్రంలోని వేడిని బట్టి గీతలు ఎలా మారుతాయో లెక్క కట్టాడు. ఆ లెక్క ఆధారంగా 1925లో సిసిలియా పేన్ అనే యువతి, నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియంలేనని తేల్చింది. మొదట పెద్దలు ఆమె మాటను ఒప్పుకోలేదు. తరువాత ఒప్పుకోక తప్పలేదు.

హైడ్రోజన్ దాదాపు 1380 కోట్ల సంవత్సరాల కిందట విశ్వం మొదలైనప్పుడే పుట్టింది. మీరు ఈ ఉదయం తాగిన నీటిలోని హైడ్రోజన్ వయస్సు అదే. కాని ప్రాణికి హైడ్రోజన్, హీలియంలు చాలవు. కార్బన్ కావాలి. కార్బన్ పుట్టాలంటే మూడు హీలియం కేంద్రకాలు కలవాలి. రెండు కలిస్తే ఏర్పడే బెరిలియం కంటి రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కూడా నిలవదు. అంతలోనే మూడవది వచ్చి చేరాలి. మామూలు లెక్కల ప్రకారం లోకంలో ఇంత కార్బన్ ఉండటానికి వీలే లేదు.

ఫ్రెడ్ హోయిల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆలోచనను తలకిందులు చేశాడు. కార్బన్ మన ఒంట్లో ఉన్నది గనుక అది పుట్టే దారి ఉండి తీరాలి. కార్బన్ కేంద్రకానికి ఆ కలయికను సులభం చేసే ఒక ప్రత్యేకమైన శక్తిస్థాయి ఉండాలి అన్నాడు. ఆ స్థాయి ఎంతో కూడా చెప్పాడు. అమెరికాలోని కాల్‌టెక్ ప్రయోగశాలలో 1953లో వెతికితే, ఆయన చెప్పిన చోటనే అది దొరికింది. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, హోయిల్ నలుగురూ కలిసి, మూలకాలు నక్షత్రాలలో ఎలా తయారవుతాయో వివరించే మహావ్యాసం ప్రకటించారు.

పెద్ద నక్షత్రం గర్భంలో హైడ్రోజన్ అయిపోయాక, వేడి పది కోట్ల డిగ్రీలకు చేరినప్పుడు హీలియం కార్బన్‌గా, ఆక్సిజన్‌గా మారుతుంది. వేడి పెరిగిన కొద్దీ నియాన్, మెగ్నీషియం, సిలికాన్ పుడతాయి. భాస్వరం, కాల్షియం ఈ మంటల్లోనివే. చివరకు మూడు వందల కోట్ల డిగ్రీల వద్ద, ఒక రోజు వ్యవధిలో సిలికాన్ కూడా మండి, ఇనుము తరగతి మూలకాలు ఏర్పడతాయి. అక్కడితో నక్షత్రం కథ ముగుస్తుంది. ఎందుకంటే ఇనుమును కలిపితే శక్తి రాదు. పొయ్యి ఆరిపోతుంది. నక్షత్రం తన బరువు తానే మోయలేక లోనికి కూలి, వెంటనే బద్దలవుతుంది.

విశ్వంలోని ఇనుములో పెద్ద భాగం ఇంకొక రకం విస్ఫోటనంలో పుట్టింది. తెల్ల మరుగుజ్జు తార అనే నిప్పు ఆరిన నక్షత్రం, పక్కనున్న తార వలన బద్దలైనప్పుడు ముందుగా రేడియోధార్మిక నికెల్ పుడుతుంది. అది ఆరు రోజుల అర్ధాయుష్షుతో కోబాల్టుగా, ఆ కోబాల్టు 77 రోజుల అర్ధాయుష్షుతో ఇనుముగా మారుతుంది. ఆ ధూళి అంతరిక్షంలోని మేఘాలలో కలిసింది. అటువంటి మేఘం నుంచే సుమారు 460 కోట్ల సంవత్సరాల కిందట సూర్యుడు, భూమి ఏర్పడ్డాయి. మన దక్కను గ్రానైటు బండలకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ బండలు ఎండకు, వానకు చితికి మట్టయినప్పుడు, అందులోని ఇనుము తుప్పుపట్టి చెల్కకు ఎర్రదనం వచ్చింది.

అవ్వ అడిగిన చివరి ప్రశ్నకు, ఇనుము ఎక్కడి నుంచి వస్తుందన్న దానికి, ఇదీ జవాబు.

మనవారు ఇద్దరు

ఈ చరిత్రలో తెలుగు నేలతో బంధమున్న ఇద్దరిని తలచుకోవాలి. ఒకరు వేణు బప్పు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. కొడుకు నిజాం కళాశాలలో చదివి, హార్వర్డ్ వెళ్లాడు. నక్షత్రం వెలుగులో కాల్షియం గీత వెడల్పును కొలిస్తే, ఆ నక్షత్రపు అసలు కాంతి ఎంతో, దానిని బట్టి దూరమెంతో తెలుస్తుందని ఆయన 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చూపించాడు. మన ఎముకలలో ఉన్న కాల్షియమే ఆయనకు నక్షత్రాల దూరం చెప్పింది.

రెండవవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన ఆయన 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు. మా ప్రయోగశాలల్లో వారి పేర్లతోనే దానిని నేర్చుకున్నాం. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి భాస్వర సంయోగాలలో నిలవ ఉంటుందని తెలిపినవారిలో ఆయన ఒకడు. 1940లలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది.

ఈనాడు ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే మాత్రలో ఉన్నవి రెండే: ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఫోలిక్ ఆమ్లాన్ని మనిషి తయారు చేయగలిగాడు, ఎందుకంటే అది ఉన్న పరమాణువులను పేర్చే పని. ఇనుము అట్లా కుదరదు. అది నక్షత్రం వండిందే కావాలి. ఆ మాత్రలో ఒక సగం సుబ్బారావుగారి బృందం శ్రమ, మరొక సగం మనకు ముందే ఆరిపోయిన నక్షత్రాల శ్రమ. నేను ఆ రోజున అవ్వ చేతిలో పెట్టింది ఏమిటో నాకే తెలియదు.

అవ్వకు రెండవ జవాబు

మరి చెల్కలో అంత ఇనుముండగా మనుమరాలి నెత్తుటిలో ఎందుకు లేదు? మట్టిలోని ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. అది నీటిలో కరగదు. మొక్క వేళ్లు ఎంతో కష్టపడి కొంచెం లాగుతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో అదీ చాలావరకు పోతుంది. మిగిలినదానిని గింజలలోని ఫైటేట్లు, అన్నం తిన్న వెంటనే తాగే చాయలోని టానిన్లు పేగులలో పట్టి ఉంచుతాయి. చివరికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే ఒంటికి పడతాయి. గర్భిణికి మొత్తం తొమ్మిది నెలల్లో అదనంగా కావలసింది దాదాపు ఒక గ్రాము. ఇక నెలసరిలో అధిక రక్తస్రావం, ఎడం లేని కాన్పులు ఉన్నాయి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే కాళ్ల గుండా ఎక్కి, పేగులలో చేరి నెత్తురు పీల్చే కొంకి పురుగులు ఉన్నాయి. అవ్వా, మీ చెల్క ఇనుము ఇచ్చింది. అదే చెల్కలోని పురుగు దానిని తిరిగి తీసుకుపోయింది.

దేహం మాత్రం తనకు దొరికిన ఇనుమును ఎంత పొదుపుగా వాడుతుందో చూడండి. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది. ఒక్కొక్క కణంలో వంద కోట్లకు పైగా ఇనుప పరమాణువులుంటాయి. కణం చనిపోయినప్పుడు దేహం వాటిని ఏరి, కొత్త కణానికి వాడుకుంటుంది. తాను తయారు చేసుకోలేనిదని దేహానికి తెలుసు. తెలియనిది మనకే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నది. కనుక ఇంటిలోని ఆడపిల్లల మాట కొంచెం ఆలోచించండి. తోటకూర, మునగాకు, సజ్జలు, నువ్వులు పెట్టండి. మాంసం తినేవారైతే కార్జం మంచిది, అందులోని ఇనుము సులభంగా ఒంటబడుతుంది. కూరలో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. చాయను భోజనానికి గంట ఎడంగా తాగండి. గర్భిణి ఇనుము మాత్రను పాలతోను, కాల్షియం మాత్రతోను కలిపి వేసుకోరాదు. మలం నల్లగా వస్తే భయపడి మానవద్దు. కడుపులో తిప్పితే వైద్యుని అడిగి భోజనం తరువాత వేసుకోవచ్చు. మాత్రల డబ్బా చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి, ఎక్కువ మింగితే ప్రాణాపాయం. మాత్రలు వాడినా నెత్తురు పెరగకపోతే కారణం వేరే ఉండవచ్చు, పరీక్ష చేయించుకోండి.

మన రైతులందరికీ ఆరుద్ర కార్తె తెలుసు. తొలకరికి ఎర్రని మఖమలు వంటి ఆరుద్ర పురుగులు చెల్కల మీద పాకడం చిన్ననాడు చూశాం. ఆ కార్తెకు పేరిచ్చిన ఆర్ద్రా నక్షత్రం చలికాలపు రాత్రి ఎర్రగా కనిపిస్తుంది. అది మహా నక్షత్రం. ఇప్పుడు తన గర్భంలో హీలియంను కార్బన్‌గా, ఆక్సిజన్‌గా మారుస్తున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. ఒకనాడు అదీ బద్దలై, తాను వండినదంతా వెదజల్లుతుంది. మట్టిలో పుట్టి మట్టిలో కలుస్తామని పెద్దలన్నారు. ఆ మట్టి అంతకుముందు ఎక్కడ ఉన్నదో ఆ ఎర్ర చుక్కను చూస్తే తెలుస్తుంది.

నా వంటి వైద్యులు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మనవి. వరుస ఎంత పొడవున్నా, రోగి వెంట వచ్చిన పెద్దమ్మ ఏదైనా అడిగితే రెండు నిమిషాలు ఆగి జవాబు చెప్పండి. ఆ రెండు నిమిషాలు లేకనే నేను రాసిన మాత్రలు పనికి రాకుండా పోయాయి.